ఆలస్యంగా తేలిన నీలం

యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తితే మనవాళ్లు మందుల పేర్లు చదువుతారు. బోదకాలుకు హెట్రజాన్, కేన్సర్‌కు అమినోప్టెరిన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడికెళ్లిన మనిషి గురించి ఆ మాత్రం గర్వం న్యాయమే. కానీ ఆయన చేతి పనితనం తెలియాలంటే నన్నడిగితే ఒక టెస్ట్‌ట్యూబు చూడాలి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర పనిచేస్తూ, 1925లో ఆయనతో కలిసి సుబ్బారావు ప్రకటించింది భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి. రక్తమో కండరమో తీసుకుని, యాసిడ్‌తో ప్రోటీన్లను విరిచి వడకడతారు. ఆ తేటలో సల్ఫ్యూరిక్ యాసిడ్, అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తే ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో జతకడుతుంది. రంగు తేవడానికి ఇంకో రసాయనం కావాలి. అంతకుముందు వాడిన హైడ్రోక్వినోన్‌తో నీలం నింపాదిగా వచ్చేది. వీళ్లు అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ యాసిడ్ ఎంచుకున్నారు. కొద్ది నిమిషాల్లో రంగు తేలుతుంది. భాస్వరం ఎంతుంటే నీలం అంత చిక్కన.

ఈ పరీక్ష ఎంత సున్నితమో నాకు ల్యాబులో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో తెలిసింది. నమూనా వెయ్యని బ్లాంక్ ట్యూబు కూడా నీలమెక్కింది. కడిగిన సబ్బుపొడిలోని ఫాస్ఫేటే కారణం. ఆ రోజు నుంచి నా గాజు సామాను యాసిడ్‌లో నానాకే, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించాకే బల్ల మీదికొచ్చేది.

ఫిస్కె, సుబ్బారావుల అసలు గొప్ప కండరం దగ్గరుంది. ఫాస్ఫేట్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణంలో రంగు వేళకు వచ్చేసింది. కండరం తేటలో మాత్రం వెనకబడి, పోనుపోను చిక్కబడింది. అప్పట్లో రెండు గాజు కప్పుల రంగులను పక్కపక్కన పెట్టి కంటితో సరిపోల్చేవారు. ఇంకో మనిషైతే నీలం నిలిచేదాకా ఆగి, వచ్చిన అంకె రాసుకుని పోతాడు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేట్‌ను కడుపులో దాచుకున్న పదార్థమేదో ఆ యాసిడ్‌లో మెల్లగా విరుగుతోంది. విరిగినకొద్దీ రంగు పెరుగుతోంది. దాన్ని విడదీసి చూస్తే ఫాస్ఫోక్రియాటిన్! కండరం పనిచేస్తే తరిగేది, విశ్రాంతినిస్తే మళ్లీ కూడేది. 1927లో ప్రకటించారు. అంతవరకూ కండరంలో మామూలు ఫాస్ఫేట్ అని లెక్కగట్టినదాంట్లో చాలాభాగం ఇదే. అదే ఏడు బ్రిటన్‌లో ఎగిల్‌టన్ దంపతులూ విడిగా దీన్ని పట్టుకున్నారు. 1929లో ఫిస్కె, సుబ్బారావులే కణాలకు శక్తినిచ్చే ఏటీపీనీ కండరంలో పట్టుకున్నారు. దాన్ని జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది కనుగొన్నాడు.

ఇవాళ మన రైతు దుక్కికి ముందు పిడికెడు మట్టి మూటగట్టి భూసార పరీక్షకు పంపితే, అక్కడ భాస్వరం లెక్క తేల్చేదీ మాలిబ్డేట్ నీలమే. రంగు తెప్పించడానికి ఇప్పుడు ఎక్కువగా విటమిన్ సి వేస్తారు. రంగుకు తగినంత వేళ ఇచ్చాకే అంకె రాసుకుంటారు.