వద్దన్న అక్షరం

అవధానం చూసి వచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పుకునేది అవధాని జ్ఞాపకశక్తి గురించే. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుతుంటే, ఆవృత్తికో పాదం చొప్పున చెబుతూ పోయి, చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం అబ్బురమే. కానీ జ్ఞాపకాన్ని ఒకపక్క, కవిత్వాన్ని ఇంకోపక్క పెట్టి చూస్తే ఈ విద్య అంతుపట్టదు. ఇక్కడ రెండింటికీ పనిముట్టు ఒకటే, ఛందస్సు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరానికి మొదటి అక్షరంతో యతి కుదరాలి. మొదటి పాదంలో రెండో అక్షరంగా ఏ హల్లు పడితే మిగతా మూడు పాదాల్లోనూ అదే ప్రాస. మొదటి పాదం నోటివెంట వచ్చేసరికే మిగిలినవాటికి కొంత దారి పడిపోతుంది. అల్లేటప్పుడు కాళ్లకు అడ్డుపడిన ఆ నియమమే గంట తర్వాత ధారణకు ఊతకర్ర అవుతుంది. వచనంలో ఒక మాట జారితే దాని చోట ఇంకోటి కూర్చుంటుంది, ఎవరికీ తెలియదు. పద్యంలో జారితే గణం తప్పి చెవి పట్టేస్తుంది.

అవధానంలోని అంశాల్లో నిషిద్ధాక్షరి ఇంకా గడుసుది. కవి ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. సరస్వతి మీద కంద పద్యం అడిగారనుకుందాం. కవి ‘శా’ అన్నాడు. శారద వస్తోందని పసిగట్టిన పృచ్ఛకుడు ‘ర’ వద్దన్నాడు. ‘శాస్త్ర’ అని తప్పించుకోవచ్చు. కానీ రెండో అక్షరం ప్రాస కాబట్టి మిగతా మూడు పాదాలకూ ‘స్త్ర’ వెతుక్కుంటూ తిరగాలి. ‘శాప’ అంటే ప్రాస సుళువే, అయితే స్తుతిలోకి శాపం ఎలా వస్తుంది? శాపాలు తొలగించే తల్లీ అని పిలవాలి. పృచ్ఛకుడు అడ్డుపడకపోతే ఆ పిలుపు పుట్టేదే కాదు.

ఇదంతా కసరత్తే, కవిత్వం కాదనే ఆక్షేపణ పాతదే. అందులో నిజం లేకపోలేదు. అవధాన పద్యాల్లో చాలావాటి ఆయుష్షు సభతోనే సరి. అయితే అవధానాన్ని తూచవలసింది వాటితో కాదు, ఆ సాధనలో పదునెక్కిన చేతితో. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950), పాండవోద్యోగ విజయాలు రాశారు. ఆ నాటకాల పద్యాలు చదువురానివాళ్ల నోళ్లలోనూ ఆడాయి. మాట్లాడినంత తేలిగ్గా సాగే ఆ ధార సభల్లో నలిగిన నాలుకది.

ఫోనులో నిఘంటువు ఉండగా అమరకోశం లాంటి పాత నిఘంటువును వల్లెవేయడమెందుకంటారు. ఫోను అడిగిన మాట ఇస్తుంది. ‘శా’ దగ్గర ఆగిపోయినవాడికి ఏం అడగాలో కూడా తెలియదు. కంఠస్థం చేసినవాడికి మాటలు పిలవకుండానే వస్తాయి. (అమరమంతా అప్పజెప్పి ఒక్క పద్యమూ రాయలేనివాళ్లు కోకొల్లలు, అది వేరే సంగతి.)

ఈసారి అవధానానికి వెళ్తే చప్పట్లన్నీ ధారణకే దాచిపెట్టకండి. నిషిద్ధాక్షరి మొదలవగానే కాగితం తీసి, పృచ్ఛకుడు వద్దన్న అక్షరాలు పైన, కవి పలికినవి కింద రాసుకుంటూ పోండి.