జమాల్ అంటే ఒట్టి అందమేనా?

ఉర్దూ కవిత్వం గురించి తెలుగులో రాసేవాళ్లు 'జమాల్' అన్న మాట తగిలినప్పుడల్లా పక్కన 'అందం' అని రాసి ముందుకు పోతారు. తప్పని మేము అనం. ఆ మాటతో రోజూ బతికే మాకు మాత్రం అది చాలదు.

చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె వైపు మా ఇళ్లలో జమాల్ బాషా, జమాలుద్దీన్, జమీలా కొత్త పేర్లు కావు. బజార్లో అది 'జమాలన్న' అవుతుంది. బడిలో 'జమాల్‌గోటా' అవుతుంది. కడుపు కడిగే నేపాళం గింజకు ఉర్దూ పేరది. పిల్లల వేళాకోళమని నవ్వి ఊరుకుంటాం. పేరుకు అర్థమేమిటని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఖురాన్‌లో 'జమాల్' అన్న నామవాచకం ఒక్కచోటే వస్తుంది. నహ్ల్ సూరా 6వ ఆయత్‌లో. అక్కడ సుందరి లేదు, పూలతోట లేదు. సాయంత్రం ఇల్లు చేరే పశువులున్నాయి, పొద్దున మేతకు వెళ్లే పశువులున్నాయి. వాటిలో మీకు జమాల్ ఉందంటుంది ఆ ఆయత్. పొట్టి పుంగనూరు ఆవును పెంచిన నేల ఇది. పొద్దుగూకే వేళ మందను తోలుకొచ్చే మనిషికి, అతనే మతంవాడైనా, దీనికి తఫ్సీర్ అక్కర్లేదు. ఇక 'జమీల్' అన్న విశేషణం యూసుఫ్ సూరాలో, బిడ్డ దూరమైన యాఖూబ్ ఓర్పుకు చేరుతుంది. అంటే జమాల్ కంటికి కనపడేదే కాదు, నడతలో ఉండేది కూడా.

సూఫీలు దేవుని గుణాలను జలాల్, జమాల్ అని రెండు విధాలుగా చూశారు. జలాల్ వణికించే ప్రతాపం. జమాల్ దగ్గరకు పిలిచే చల్లదనం. బోయకొండ గంగమ్మ కొలువున్న చౌడేపల్లె సీమలో ఉగ్రానికీ శాంతానికీ తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండు విశ్వాసాలూ ఒకటేనని మేమనడం లేదు. పక్కింటి మాటను అర్థం చేసుకునే సరంజామా ఊళ్లోనే ఉందంటున్నాం.

మమ్మల్ని మేమూ నిలదీసుకోవాలి. అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ఇష్టపడతాడు అని 'సహీ ముస్లిం'లో ఒక హదీసు ఉంది. చాలామంది అంతవరకే చెప్పి ఆపుతారు. మంచి బట్ట, మంచి చెప్పులు ఇష్టపడటం గర్వమా అన్న సందేహానికి జవాబు అది. సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషుల్ని చిన్నచూపు చూడటమే గర్వం అన్నది ఆ జవాబులో మిగతా సగం. ఆ సగం వదిలేశాం గనకనే పెళ్లిచూపుల్లో జమాల్ తెల్లతోలుకు దిగజారింది. ఉర్దూ రాని దూదేకులవాళ్లను 'పింజారీ' అని ఈసడించే నోటితోనే అల్లాహ్ జమాల్‌ను పొగుడుతున్నాం. వాళ్ల మరో పేరు నూర్‌బాషా అనీ, నూర్ అంటే వెలుగనీ మరిచాం.

అల్లాహ్ పేర్లను 'అస్మావుల్ హుస్నా' అంటారు. అతి అందమైన పేర్లని అర్థం. హసన్, హుసేన్ అన్న పేర్లదీ అదే ధాతువు. పీర్లకు మొక్కుకుని, రాయలసీమలో హిందువులు కూడా బిడ్డలకు హుసేనప్ప, హుసేనమ్మ అని పెట్టుకున్నారు. వాళ్లు నిఘంటువు చూడలేదు, మా అనుమతీ అడగలేదు. ఆ మాటను ఇంట్లోకి పిలిచి అప్ప అన్నారు, అమ్మ అన్నారు. ఈ పేర్లను పరాయివిగా చూసే తెలుగు విమర్శకులూ, వాటిని కల్తీ పేర్లని ముఖం చిట్లించే మావాళ్లూ కలిసి చదవాల్సిన పాఠం ఇది.