చేతి తొడుగులో గాత్రవీణ

సామగానము నభ్యసించువారు స్వరమును కంఠముతో పలుకుటయే గాక వ్రేళ్లమీద చూపుటయు మన దేశమున చిరకాలముగా నున్నది. నారదీయశిక్ష వీణలను రెండుగా విభజించి, కొయ్యతో చేసినది దారవి యనియు, దేహమే వీణయైనది గాత్రవీణ యనియు చెప్పి, క్రుష్టస్వరమునకు బొటనవ్రేలి కొనను, ప్రథమమునకు బొటనవ్రేలిని, గాంధారమునకు చూపుడువ్రేలిని, ఋషభమునకు నడిమివ్రేలిని, షడ్జమునకు ఉంగరపువ్రేలిని, ధైవతమునకు చిటికెనవ్రేలిని, నిషాదమునకు దాని మొదలిని స్థానములుగా నిర్దేశించినది.

ఇట్లు స్వరమును చూపు చేతికి నాదమును గూడ నొసగ జూచిన ప్రయత్నములు విద్యుద్యుగమునకు చెందినవి. 1984లో సంగీతకారుడు మిషెల్ వైస్‌విస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు చేతులకు తగిలించుకొను వాద్యముతో కచేరీ చేసెను. 1991లో సంగీతకారిణి లెటీషియా సొనామి వంటింటి రబ్బరు తొడుగుల వ్రేలికొనలకు అయస్కాంతశక్తిని గుర్తించు సెన్సర్ల నతికించి, కుడిచేత అయస్కాంతమును ధరించి, వ్రేలు దానికి చేరువైన కొలది ధ్వని మారునట్లు చేసెను. వ్రేళ్లను తాకి స్వరమును చూపు సామగాయకుని అంగుష్ఠము చేయు పనికి ఈ యయస్కాంతము పని యెంత సన్నిహితమో తలచినప్పుడెల్ల నాకు ఆనందము కలుగుచుండును.

తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీధిలో వినవచ్చు హొసూరు, కృష్ణగిరి ప్రాంతములు ఇట్టి తొడుగును కూర్చు విద్యకు తగిన తావులు. గడియారములు మొదలు మోటారుబండ్ల వరకు కూర్చు కర్మాగారములు గల హొసూరులో సూక్ష్మమైన పని తెలిసిన చేతులకు కొదువ లేదు. విడిభాగములు కావలెనన్న బెంగుళూరు ఎస్.పి. రోడ్డు సుమారు నలువది కిలోమీటర్లే.

పలుచని నూలు తొడుగు నొకదానిని తీసికొని, వ్రేలి వీపున సన్నని గుడ్డగొట్టము కుట్టి, అందులో వంగుడు సెన్సరు నుంచవలెను. దాని మొదలు బిగియ కుట్టి, కొసను మాత్రము జారునట్లు విడువవలెను. రెండు చివరలును బంధించినచో, పిడికిలి బిగించినప్పుడెల్ల ఈడ్పు పడి, తీగలు కలియు చోట తెగును. వ్రేలు వంగినకొద్ది దాని నిరోధము పెరుగును. స్థిరమైన మరియొక నిరోధకముతో జతచేసినచో ఆ మార్పు వోల్టేజిగా మారి, చిన్న ఆర్డువినో బోర్డునకు 0 నుండి 1023 వరకు గల అంకెగా తెలియును. ప్రతివారి హస్తమును వేరు గనుక, చేయి పూర్తిగా చాచినప్పటి అంకెను, ముడిచినప్పటి అంకెను ముందుగా గుర్తింపజేయవలెను.

ఆదితాళమున ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క, పిదప రెండుమార్లు దెబ్బయు ఉసియు వేయుట బాల్యముననే అలవడిన చేయి మనది. ముంజేతికి కట్టిన, కదలికను గుర్తించు సెన్సరు దెబ్బను హఠాత్తుగా నాగిన వేగముగను, ఉసిని మణికట్టు తిరుగుడుగను గుర్తింపగలదు. ఆ చేతిని తాళమునకే విడిచి, స్వరమును రెండవ చేతికి అప్పగించుట ఉత్తమమని నా నిశ్చయము.

గమకము దగ్గరనే అసలు పరీక్ష. ఎలక్ట్రానిక్ వాద్యములకు స్వరాజ్ఞల నందించుటకై 1983లో వెలసిన మిడి పద్ధతిలో స్వరములు 128 మాత్రమే. వానిని మెట్లుగా మీటినచో స్వరము నూపు కంపితగమకము పలుకదు. శ్రుతిని జార్చుటకు అందే 16,384 అంశలు గల వేరొక మార్గమున్నది. వ్రేలి వంపును దానికి ముడిపెట్టవలెను. చేతి వణుకు వినబడకుండుటకై రీడింగుల సగటు తీయుట అవసరమే గాని, అది మితిమీరినచో నాదము చేతికంటె వెనుకబడి కంపితపు పదును పోవును. కావున తంబురా శ్రుతి పెట్టుకొని ఒక్క వ్రేలితోనే సాధన మొదలిడవలెను. తోడిరాగపు గాంధారము చెవికి నచ్చునట్లు పలుకువరకు రెండవ వ్రేలికి సెన్సరు కుట్టరాదు.