నిందితుడు, నేరస్థుడు: మనం దాటవేసే ఒక భేదం

ఒంటిమిట్ట కోదండరామాలయం దగ్గర ఇమాంబేగ్ బావి ఉన్నది. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని సందేహించిన కడప నవాబుల ఉద్యోగి తానే పిలిచి చూశాడనీ, తృప్తిపడి ఆ బావి తవ్వించాడనీ స్థానికులు చెప్పుకుంటారు. కథలోని విశ్వాసం సంగతి మన విచారణ కాదు. సందేహించినవాడే రుజువు వెతుక్కున్నాడు, భారం ఎదుటివారిపై మోపలేదు. మనకు కావలసినది అంతవరకే.

నేరం రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషి అన్న సూత్రాన్ని పాశ్చాత్యులకన్నా ముందే ఇస్లాం చెప్పిందని మన వ్యాసకర్తలు తరచు రాస్తారు. సాక్ష్యం చూపవలసింది ఆరోపించినవాడే అన్న దైవప్రవక్త (స) వచనాన్ని, సందేహమున్నచోట హద్దు శిక్షలు తొలగించాలన్న నియమాన్ని ఉదాహరిస్తారు. నిజమే, కాని సగమే. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) తమ 'అత్తురుఖుల్ హుక్మియ్యా'లో నిందితులను మూడు రకాలు చేశారు: సచ్చరిత్రుడు, అపరిచితుడు, దుష్టుడని పేరుపడ్డవాడు. ఈ మూడోవాణ్ణి నిర్బంధించి కొట్టడాన్ని అక్కడ సమర్థించారు. ఆయనకు రెండు శతాబ్దాల ముందే ఇమామ్ గజాలీ 'అల్ ముస్తస్ఫా'లో ఇందుకు ఒప్పుకోలేదు. కొట్టించుకునేవాడు నిర్దోషి కావచ్చు. దోషిని కొట్టకుండా విడవడం నిర్దోషిని కొట్టడంకన్నా తేలిక అన్నారు. ఈ వివాదాన్ని దాచి గర్వపడడం పాండిత్యం కాదు.

'పేరుపడ్డవాడు' అన్న మాట ఎంత దూరం పోతుందో మన నేలే చూసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలవారు పుట్టుకతోనే అనుమానితులయ్యారు. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. ఆ చట్టం 1952లో పూర్తిగా రద్దయింది.

2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పట్టుబడిన ముస్లిం యువకులు కోర్టుల్లో విడుదలయ్యారు. ప్రభుత్వం పరిహారం ఇస్తే 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. విడుదలైనంతమాత్రాన పరిహారం హక్కు కాదన్న వాదనకు చట్టంలో బలమున్నది. అయితే 'నిప్పులేనిదే పొగ రాదు' అనే వీధి తీర్పు వారి ఉద్యోగాలకు, పెళ్లి సంబంధాలకు అడ్డుపడితే ఎవరు జవాబుదారీ?

2018 ఏప్రిల్ 16న అదే కేసులో స్వామి అసీమానంద సహా ఐదుగురిని ప్రత్యేక కోర్టు విడుదల చేసింది. అప్పుడు మనవాళ్లు అనేకులు అదే పొగ సామెత అందుకున్నారు. దర్యాప్తు లోపాలను ఎంత కటువుగానైనా విమర్శించవచ్చు, అప్పీలు కోరవచ్చు. మృతుల కుటుంబాలకు ఆ హక్కున్నది. ఆ ఐదుగురిని నేరస్థులని రాయడానికి మాత్రం గజాలీ వాదంలో చోటు దొరకదు.