మొలకకు అయిదు రోజులు

మూడో తరగతికి విత్తనం పాఠం చెప్పిన మొదటి ఏడాది, నేను ముందు ఫోన్ తీశాను. ఇరవై సెకన్ల వీడియో. చిక్కుడు గింజ ఉబ్బింది, పగిలింది, వేరు దింపింది, మెడ వంచుకుని మట్టిని తోసుకుంటూ పైకొచ్చి రెండాకులు విప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే ప్లాస్టిక్ గ్లాసుల్లో మట్టి పోసి అలసందలు పెట్టించాను.

మర్నాడు పొద్దున్నే ఒక పాప గ్లాసులో వేలు పెట్టి గింజను కెలికి బయటికి తీసింది. "మనవి మంచి గింజలు కావు టీచర్, ఇంకా మొలుస్తలేవు" అంది. చాలామంది గ్లాసులదీ అదే గతి. మూడో రోజుకు వాటిని పట్టించుకున్నవాళ్లే లేరు.

వీడియోలో అబద్ధమేమీ లేదు. కానీ మొలక పాఠమంటే ఆ అయిదు రోజులే. రోజూ వచ్చి చూడటం, ఏమీ కనిపించకపోయినా "ఏమీ లేదు" అని నోట్సులో రాసుకోవడం, ఎండితే నీళ్లు చిలకరించడం. వాటన్నిటినీ నేనే ఇరవై సెకన్లకు కుదించి పిల్లల చేతుల్లోంచి లాగేసుకున్నాను.

మరుసటి ఏడాది ఫోన్ బయటికి తీయలేదు. సగం గ్లాసుల్లో అలసందలు, సగం గ్లాసుల్లో శనగలు నాటించాను. వారం తిరక్కుండానే అలసంద తన రెండు పప్పు బద్దల్నీ నెత్తిన పెట్టుకుని పైకి లేచింది. శనగ గ్లాసులో మాత్రం సన్నటి పచ్చ మొలక ఒక్కటే వచ్చింది. "దీని పప్పేది?" అని పిల్లలే అడిగారు, పిల్లలే తవ్వారు. బద్దలు రెండూ మట్టిలోనే ఉన్నాయి! నిజం చెప్పాలంటే అది నాకూ కొత్తే. ఆ రాత్రి ఇంటికెళ్లి ఇంటర్నెట్‌లో వెతికి, కొన్ని విత్తనాల బద్దలు నేలపైకి వస్తాయనీ, కొన్నింటివి నేలలోనే ఉండిపోతాయనీ చదువుకున్నాను. ప్రశ్న ముందు పుట్టింది, ఇంటర్నెట్ తర్వాత వచ్చింది. ఈ వరస తిరగబడకూడదని అప్పటి నుంచీ నా పట్టుదల.

అందుకే కొత్తగా చేరిన టీచర్లు ఏ సైట్ మంచిదని అడిగితే ముందుగా అరవింద్ గుప్తా పేరు చెబుతాను. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులతో మొదలైన సైన్సు బోధనా కార్యక్రమంలోకి ఆయన ఆ దశాబ్దం చివర్లో వెళ్లారు. అక్కడే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి త్రిభుజాలు, చతురస్రాలు, ఇళ్లు కట్టించారు. త్రిభుజాన్ని ఎటు నొక్కినా కదలదు, చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది. నాలుగో తరగతి పిల్లవాడికి ఆ తేడా వేళ్లకే తెలిసిపోతుంది. ఆయన సైట్లోని చిన్న చిన్న వీడియోలు తెలుగులోనూ దొరుకుతాయి. వాటిని నేను ముందురోజు రాత్రి చూస్తాను, పొద్దున్నే సైకిల్ షాపుకెళ్లి ట్యూబు ముక్కలు తెస్తాను. క్లాసులో వీడియో పెట్టను.

దీక్షా పోర్టల్ పాఠాలూ అంతే, కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లూ అంతే. ఫెట్‌లో బల్బు, బ్యాటరీ, వైర్లు తెరమీదే కలపొచ్చు, అది మంచి సాధనం. అయితే తెరమీద వైరు ఎప్పుడూ సరిగ్గానే అతుక్కుంటుంది. నిజం వైరుకు తుప్పు పడుతుంది, బల్బు వెలగదు. ఎందుకు వెలగలేదో వెతికే ఆ పది నిమిషాల కోసం నేను నిజం వైరే ఇస్తాను.

ఇంటర్నెట్ లేకుండా నేను చెప్పలేని పాఠం ఒకటుంది, నీడ. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడని మనందరం చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాం. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మన ఊరు పెట్టి తేదీలు మార్చుకుంటూ పోతే అది ఏడాదిలో రెండు రోజులకే నిజమని తేలింది. హైదరాబాదులోనైతే మే రెండో వారం ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. డిసెంబరు చివర్లో మీటరు కర్ర నీడ మిట్టమధ్యాహ్నం కూడా 86 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఇదేదీ పిల్లలకు ముందుగా చెప్పలేదు. డిసెంబరులో బడి ఆవరణలో కర్ర పాతి పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో గీత గీయమన్నాను. పన్నెండు కొట్టగానే "అయిపోయింది, ఇదే చిన్న నీడ" అని అందరూ లేచారు. ఒక పిల్లవాడు మాత్రం కూర్చునే ఉన్నాడు. పన్నెండూ అయిదు, పన్నెండూ పది, నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. పన్నెండుంపావు దగ్గర ఆగింది. "గడియారం తప్పా టీచర్, సూర్యుడు తప్పా?" అని అడిగాడు.

అన్నం గంట అప్పటికే కొట్టేశారు. మిగతా పిల్లలు పళ్లేలు పట్టుకుని వాడి చుట్టూ చేరారు.