ఎదురేటి నడక

రాయవేలూరును ఎగతాళి చేసే పాత మాట ఒకటుంది: రాజు లేని కోట, దేవుడు లేని గుడి, నీళ్లు లేని ఏరు. రాజు సంగతి ఎప్పుడో ముగిసింది. కోటలోని జలకంఠేశ్వరుడు మాత్రం 1981లో తన గుడికి తాను తిరిగొచ్చాడు. ఏటికే ఇంకా మోక్షం లేదు. నంది కొండల్లో పుట్టి 348 కిలోమీటర్లు పోయే పాలారు వేలూరు వంతెన కిందికి వచ్చేసరికి ఏడాదిలో చాలా నెలలు ఇసుకా, కంపచెట్లూ. అది చూసి “ఈ జిల్లాలో ఏరెక్కడిదబ్బా?” అని ముక్కు విరిచేవాళ్లను నేను గుడియాత్తం బస్సెక్కిస్తాను. అక్కణ్నుంచి మోర్దాన ఆనకట్ట. దాని వెనక కౌండిన్య కోనలో నాలుగు మలుపులు తిరిగాక మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

గుడియాత్తం నడుమ పారే ఏరు ఈ కౌండిన్యే. తమిళ వైకాసి ఒకటో తేదీన, అంటే మే నెల నడిమికి, గోపాలపురం గంగమ్మ సిరసు పండగ జరిగేది ఈ ఏటి గట్టునే. పుట్టింది పలమనేరు మెట్ట మీద, కలిసేది పాలాట్లో. కౌండిన్య మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని చెబుతారు. చేసే ఉంటాడు, అంత చల్లటి చోటు దొరికితే నేనైనా చేస్తాను. పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది, గుడియాత్తం 300లోపే. ఈ దిగుడంతా ఏరు కనుమల్లో దూకి, జారి, బండను కోసుకుంటూ దిగుతుంది. అలా కోసిన ఇరుకుకే మనవాళ్లు కోన అని పేరు పెట్టారు. ఇంత మంచి మాట ఉండగా ఇంకో మాట వెతుక్కోవడం దేనికి?

మంచుకొండల మోజున్నవాళ్లు పువ్వుల లోయ గురించి చెబుతారు. 1931లో ఫ్రాంక్ స్మైత్ కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ దారి తప్పి అందులో పడ్డాడు. ఇప్పుడు గోవింద్‌ఘాట్ నుంచి ఏటి ఇరుకు వెంట ఎక్కి ఘాంఘ్రియా చేరి, అక్కణ్నుంచి పచ్చికలోకి తేలాలి. గొప్ప చోటే, కాదనను. అయితే ముందు ఇరుకు, ఆ తర్వాత విడుపు అనే ఆ రుచి మన కోనలోనూ ఉంది. పొద్దున బండల మధ్య తలెత్తితే చారెడు ఆకాశం. మధ్యాహ్నానికి మెట్ట అంచుకు చేరితే గడ్డి, గాలి, దూరంగా పలమనేరు వైపు చెరువుల మెరుపు. దేవదారు చెట్లు లేవు, ఏరుమద్దులున్నాయి. నాకు మద్ది చాలు.

ఈ నడకను నేను కళ అంటాను. అనడానికి కారణం మా మామ. చుట్టరికం లేదు, ఊరంతా ఆయన్ను మామా అనే పిలుస్తుంది. నలభై ఏళ్లు ఈ కోనల్లో గొడ్లు మేపినవాడు. ఆయన నడుస్తుంటే చూడాలి! కాలు కింద పెట్టడు, ఆనిస్తాడు. రాయి ఒప్పుకుంటేనే బరువు దించుతాడు. వెనక నడిచే మేము దబదబా అడుగులేస్తుంటే తిరిగి చూసి, “రాయిని అడిగి కాలు పెట్టాల అబ్బోడా, అదేమన్నా నీ అత్తగారిల్లా?” అనేవాడు.

ఈ విద్యలో మొదటి పాఠం గాలి. పగలు ఎండకు కొండవాలు వేడెక్కి గాలి మైదానం నుంచి కోన పైకి లాగుతుంది. పొద్దు వాలాక చల్లబడ్డ గాలి పైనుంచి కిందికి దిగుతుంది. అందుకే పొద్దున ఏటికి ఎదురు నడవాలి, సాయంత్రం ఏటి వెంబడి దిగాలి. అప్పుడు రెండు పూటలా మన వాసన మనకంటే ముందు పోతుంది. వేటగాడు గాలికి ఎదురు పోతాడు, జంతువుకు తెలియకూడదని. బాటసారి గాలిని ముందు పంపుతాడు, జంతువుకు తెలియాలని. ఇరుకు మలుపుల్లో గాలి సుడి తిరిగి మోసం చేస్తుంది. అక్కడ మామ ఆగి, ఎండిన పేడ పిసరు వేళ్ల మధ్య నలిపి, పొడిని మెల్లగా వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసేదాకా మాట ఉండదు, అడుగు ఉండదు.

ఎవరికి తెలియాలి? ఏనుగుకు. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ కొండల్లో ఏనుగు అనాదిగా ఉన్నది కాదు. సుమారు రెండు వందల ఏళ్లు ఆంధ్ర అడవుల్లో ఏనుగే లేదంటారు. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి మందలు నడిచొచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, విస్తీర్ణం 357 చదరపు కిలోమీటర్లు. అంటే మామ నాయన ఏనుగును గుడి దగ్గర చూసి ఉంటాడు గానీ అడవిలో చూసి ఉండడు. ఏనుగుతో మెలిగే తీరు మామకు వారసత్వంగా రాలేదు. పెళ్లాం పిల్లలున్న వయసులో, తప్పితే ప్రాణం పోయే బడిలో సొంతంగా నేర్చుకున్నాడు. లద్దె పక్కన మోకాలి మీద కూర్చుని అరచెయ్యి వెనక వైపు ఆనించి వేడి చూస్తాడు. విరిగిన వెదురు కొమ్మ తడి చూస్తాడు. “ఆ సామి పోయి జామయింది” అంటే జామే అయి ఉంటుంది. ఒక్క తరంలో ఇంత విద్య పుట్టించినవాళ్లను పండితులు అనక ఏమంటాం?

రెండో పాఠం రాయి. తెల్లగా ఎండి గరుకుగా ఉన్న బండ నమ్మకస్థురాలు. నల్లగా తడిసినది అనుమానం. పచ్చటి పాచి పట్టినది పక్కా మోసం. గుండురాళ్ల మీద నడిచేటప్పుడు రాయి నెత్తిన కాలు పెట్టకుండా రెండు రాళ్లు ఒరుసుకున్న సందున పెట్టాలి. అక్కడ రాళ్లు కదలవు. ఇక ఎక్కడానికి ఆయన సూత్రం ఒక్కటే: “దిగేదానికి అయినంత మటుకే ఎక్కాల.” ఎక్కేటప్పుడు కళ్లు చేతుల దగ్గర ఉంటాయి, దిగేటప్పుడు కాళ్లకు కళ్లుండవు. ఎందరో ఎక్కిన బండ దిగలేక రాత్రంతా దాని మీదే కూర్చున్నారు.

మూడోది ఏరు దాటడం. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, చేతికర్రను ఎగువన నాటి, కర్రా రెండు కాళ్లూ ముక్కాలిపీటలా నిలవాలి. ఒకటి కదిలితే రెండు నిలబడే ఉండాలి. పాదం ఎత్తకూడదు, అడుగున రాస్తూ జరపాలి. మోకాలు మించిన పరుగు నీళ్లను ముట్టనే కూడదు. నీళ్ల కంటే ముందు చెట్లను చూడమనేవాడు మామ. కోనలో మద్ది కొమ్మలకు ఎండుగడ్డి, చెత్త చిక్కుకుని ఉంటాయి. కొన్నిచోట్ల అవి మనిషి తలకు పైన కనిపిస్తాయి. పోయిన వరద రాసిపోయిన గీత అది. మన నెత్తిన ఎండ కాస్తున్నా పలమనేరు మెట్ట మీద వాన దంచితే ఆ నీళ్లన్నీ ఈ ఇరుకులోకే రావాలి. తేటనీళ్లు టీ రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఉన్నట్టుండి కొట్టుకొచ్చినా, సద్ది మూట వదిలేసైనా ఆ గీతకు పైకి ఎక్కాలి. 2021 నవంబరులో మోర్దాన పొంగి గుడియాత్తంలో ఏటి గట్టు ఇళ్లు మునిగాయే, ఆ నీళ్లు ముందు ఈ కోనలోనే పరుగు నేర్చుకున్నాయి.

అన్నిటికంటే నాకు ముద్దొచ్చే విద్య చెలమ తియ్యడం. ఎండాకాలం ఏరు ఇసుక కిందికి పోతుంది, పోయిందనుకుంటాం. మామ వంపు లోపలి ఇసుకమేటలో తేమ చూసి మోకాళ్ల మీద కూర్చుంటాడు. రెండు చేతులతో వెడల్పుగా తోడతాడు. ఇరుకుగా తోడితే గోడలు కూలుతాయి. మూరెడు లోతుకు ఊట తగులుతుంది. మొదటి నీళ్లు బురద, తోడి పోస్తాడు. రెండోసారి మసక, అవీ పోస్తాడు. మూడోసారి ముట్టుకోడు. చుట్ట వెలిగించి కూర్చుంటాడు. ఆ చుట్ట అయ్యేలోగా చెలమ అద్దంలా తేరుకుంటుంది. దోసిలి పట్టి ముందు గొడ్లకాపరి కుర్రోడికిచ్చి ఆఖరున తాను తాగుతాడు. వచ్చేటప్పుడు దాన్ని పూడ్చడు, వెనక వచ్చే జింకలకు ఉండనిస్తాడు. ఆ నీళ్లతో రాగిముద్ద, పచ్చి ఎర్రగడ్డ, నిమ్మకాయ ఊరగాయ తిన్న మధ్యాహ్నాల రుచి నా జీవితంలో ఇంకే హోటలూ చూపించలేదు.

నడకలో మన తెలుగువాళ్ల ఘనత చిన్నది కాదు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. 2015లో ఆండీస్ కొండల్లోనే కన్నుమూశాడు. నిజామాబాద్ వైపు గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లకంటే ముందు, మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయలుదేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తెలుగులో ఆయన యాత్రా చరిత్రకు సాటి లేదు. అయితే ఆయన వెళ్లింది పల్లకీలో. పుస్తకం ఆయనది, కాళ్లు బోయీలవి. నేనెప్పుడూ కాళ్ల పక్షమే. ఏటి అవతల ఈనిన ఆవు దూడను భుజాన వేసుకుని, చీకట్లో కర్ర ఊతతో దాటొచ్చిన మామను నా కళ్లారా చూశాను. దానికి పతకం లేదు, ఫోటో లేదు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. సెలవొస్తే చాలు, పలమనేరు వైపు కైగల్ దుముకురాళ్ల జలపాతం దాకా జీపుల మీద జీపులు. కోకిలను వినాల్సిన చోట స్పీకరు పెట్టెలు. బండ మీద పగిలిన సీసా పెంకులు, మడుగులో పాలిథిన్ కవర్లు. దీనికి వాళ్లు పెట్టిన పేరు ట్రెక్కింగ్! కోనను చూడటానికి కాదు, కోన ముందు తాము నిలబడి ఫోటో దిగడానికి వస్తారు. డబ్బు కట్టించుకుని తీసుకుపోయేవాళ్లు కొందరున్నారు, వాళ్లు మరీ ఘోరం. ఒకసారి అలాంటి బృందంతో నేనూ పోయాను. దారి చూపే కుర్రాడి చూపు ఫోను పటం మీదే, ఏటి మీద లేదు. మిట్టమధ్యాహ్నం ఎండిన దూకుడు మీదుగా దిగమన్నాడు. దిగలేమేమో అంటే నవ్వాడు. మాలో ఒకాయన చీలమండ విరిగింది, నలుగురం మోసుకొచ్చాం. వేల రూపాయల బూట్లున్నాయి ఆయన కాళ్లకు. మామ టైరు చెప్పులు చాలు ఈ కోనకు, కాకపోతే వాటిలో మామ కాళ్లుండాలి.

ప్రభుత్వానికి పట్టలేదని కాదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవి మంటల్లో 20 మందికి పైగా నడకవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత తమిళనాడు నిబంధనలు బిగించింది, 2024లో 40 నడకదారులు ప్రకటించి అడవి అంచు పల్లెల యువతకు శిక్షణ ఇచ్చి దారి చూపే పనిలో పెట్టింది. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ పిల్లలకు చెలమ తియ్యడం ఎవరు నేర్పుతారు? పేడ పొడితో గాలిని అడగడం ఏ తరగతిలో ఉంది? గొడ్లకాపరులు అడవి వదిలేశారు. మేపు లేదు, ఏనుగుల భయం, పైగా పిల్లలకు ఆ బతుకు నామోషీ. మామ కొడుకు ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీకి పోతాడు, పరదేశం వాళ్ల కాళ్లకు బూట్లు కుడతాడు. కోనలో పట్టుమని పది అడుగులు వెయ్యలేడు. అతన్ని తప్పు పట్టను, నెల జీతం ఏటి ఇసుకలో ఊరదు కదా.

అందుకని వేలూరు, చిత్తూరు జిల్లాల అటవీ అధికారులకు నాదొక విన్నపం. మీ శిక్షణ తరగతిలో ఏడాదికి పది రోజులు ఇలాంటి ముసలివాళ్లకు కుర్చీ వెయ్యండి, కూలి కాదు, గౌరవ వేతనం ఇవ్వండి. చదువరులకూ ఒక మాట. అనుమతి లేకుండా కోనలో కాలు పెట్టకండి, అది అభయారణ్యం. అనుమతి దొరికిన చోట జీపు, స్పీకరు ఇంట్లో వదిలి, ఊరి మనిషిని ముందు పెట్టుకుని, వానలు వెనకబట్టాక పొద్దున్నే ఏటికి ఎదురు నడవండి. రాయిని అడిగి కాలు పెట్టండి.

మామకు డెబ్బై దాటి నాలుగేళ్లయింది. మోకాళ్లు పోయాయి, మాట పోలేదు.