ధర్మాసనము, ధర్మాసుపత్రి

తెలుగున ఒకే మాట రెండు గుమ్మములపై కనిపించును. న్యాయాధిపతి కూర్చుండు చోటు ధర్మాసనము. పేదలకు ఉచితముగా మందిచ్చు చోటు ధర్మాసుపత్రి. మొదటిచోట తప్పొప్పులు తూచబడును. రెండవచోట తూచుట లేదు, చేయి చాచుట యున్నది. ఈ రెంటిని ఒకే మాటతో పిలిచిన జాతి న్యాయము వేరు, దయ వేరు అని మొదట తలచియుండదు. అయినను బైబిలు తెలుగునకు వచ్చినప్పుడు, దేవుని గుణముగా అందు చెప్పబడిన ఒక ప్రధానపదమునకు మన అనువాదకులు ధర్మమును గాక నీతిని ఎన్నుకొనిరి. ఈ ఎన్నిక వలన మనకు కలిగిన లాభమేమి, నష్టమేమి? అనువాదమే పనిగా పెట్టుకొనిన వానికి ఇది మొదట మాటకు సంబంధించిన ప్రశ్న. అయితే మాటతో ఆగునది కాదని ముందు తేలును.

ఈ ప్రశ్నకు కలకత్తాతో దగ్గరి సంబంధము కలదు. నగరమునకు ఎగువను హుగ్లీ పడమటి గట్టున నున్న శ్రీరామపురము 1845 వరకు డేనుల యధీనమున నుండెను. 1800లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అనువారు అచ్చట నెలకొల్పిన ముద్రణాలయమునుండి అనేక భారతీయభాషలలో బైబిలు వెలువడెను. విశాఖపట్టణమున డెస్ గ్రాంజెస్ అను మిషనరీయు, ఆనందరాయరును కలిసి తెనిగించిన మూడు సువార్తలు 1812లో అచ్చటనే అచ్చుపడెను. 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు వచ్చెను. తెలుగు బైబిలు అచ్చురూపమునకు తొలి మెట్లు గంగాతీరముననే పడినవి.

నేడును పెక్కుమంది తెలుగు క్రైస్తవులు చదువు పాత అనువాదమున 'దేవుని నీతి', 'నీతిమంతుడు' అనునవి అడుగడుగున కనిపించును. నడిపించుట యను అర్థముగల సంస్కృత ధాతువునుండి పుట్టిన ఉత్తమమైన మాట నీతి. కాని తెలుగు చదువరి చెవికి దాని వెంట వచ్చునవి శతకములు, పంచతంత్రకథలు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రులను సంపాదించుటయు నీతియే, మిత్రులను విడదీయుటయు నీతియే. ఇందు నేర్పున్నది, లోకజ్ఞత యున్నది, హెచ్చరిక యున్నది, కన్నీరు తక్కువ. కావున దేవుడు నీతిమంతుడని వినగానే తప్పులెన్ను తండ్రి రూపము మన మనస్సునకు తోచును. అట్టి తండ్రికి దయను వేరుగా జతపరుపవలసి వచ్చును. మన క్రైస్తవ ప్రసంగములందును, పద్యములందును నీతికొక పాలు, కనికరమునకొక పాలు విడివిడిగా పంచబడుటకు ఇదియొక కారణమని నా అభిప్రాయము.

మూలమున ఈ చీలిక లేదు. హీబ్రూభాషలోని 'సెదాకా' అను పదము న్యాయవర్తనమను అర్థమిచ్చుచునే, కాలక్రమమున యూదుల వాడుకలో పేదకిచ్చు దానమునకు పేరయ్యెను. మత్తయి సువార్త ఆరవ అధ్యాయపు మొదటి వచనమును చూడుడు. ప్రాచీనమైన గ్రీకు వ్రాతప్రతులలో అచ్చట నీతియను అర్థమిచ్చు పదముండగా, తరువాతి ప్రతులు పెక్కింట దానమను అర్థమిచ్చు పదము కలదు. ఒకదాని స్థానమున మరియొకటి నిలుచునంత దగ్గరగా ఆ రెండును ఉండెనన్నమాట. మన పాత తెలుగు అనువాదమున ఆ వచనమందు 'నీతికార్యము' అనియు, మరుసటి వచనమందు 'ధర్మము చేయుట' యనియు ఉన్నది. వీథిలో బిచ్చగాడు ధర్మము చేయుడని అడుగునే, ఆ ధర్మమే యిది. నీతికిని ధర్మమునకును నడుమ ఒక్క వచనమంత దూరము మాత్రమే యున్నది. మనము ఆ దూరమును దాటక పుట త్రిప్పుచున్నాము.

అదే సువార్త మొదటి అధ్యాయమున యోసేపు నీతిమంతుడని చెప్పబడెను. తనకు ప్రధానము చేయబడిన కన్య గర్భవతియని తెలిసినప్పుడు, ఆమెను నలుగురిలో అవమానపరుపనొల్లక రహస్యముగా విడనాడ తలచెను. శాస్త్రమును పట్టి బహిరంగముగా నిందించుటకు అతనికి హక్కు కలదు. నీతిమంతుడయ్యును దయ చూపెనని దీనిని చదువవచ్చును; నీతిమంతుడు గనుకనే దయ చూపెననియు చదువవచ్చును. సువార్త నడక అంతయు రెండవ పఠనమునకే బలమిచ్చుచున్నదని నేననుకొందును.

1820లో కలకత్తాలో ఈ విషయమే పెద్ద వాదమయ్యెను. రాజా రామమోహన రాయ్ సువార్తలనుండి అద్భుతములను విడిచి, యేసు బోధనలను మాత్రమే యేర్చి గ్రంథముగా ప్రకటించెను. దైవప్రేమ, పరప్రేమ యను రెండు ఆజ్ఞలు మనుష్యునికి చాలునని ఆయన వాదము. దేవుని న్యాయము తృప్తి నొందవలెను గాన క్రీస్తు ప్రాయశ్చిత్తమరణము లేక బోధనలు రక్షింపజాలవని మార్ష్‌మన్ ప్రతివాదము. రాయ్ మూడుమార్లు సమాధానములు వ్రాసెను. 1823 నాటి మూడవ సమాధానమును బాప్టిస్టు మిషను ముద్రణాలయము అచ్చువేయ నిరాకరింపగా ఆయన వేరొక ముద్రణాలయము నేర్పరచుకొనెను. ఒకరు దేవుని నీతిని సిలువయందు చూచిరి, మరియొకరు నడతయందు చూచిరి. ఇరువురి గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చదువువానికి ఇరువురికిని ఎదుటివాని సగము కొరతగా నున్నట్లు తోచును.

ఈ వాదమునకు కలకత్తా చరిత్రయే ఒక ఉత్తరము చెప్పినది. సహగమనమునకు వ్యతిరేకముగా రాయ్ ఏండ్ల తరబడి వ్రాసి పోరాడెను. 1829 డిసెంబరు 4న బెంటింకు ఆ యాచారమును నిషేధించుచు శాసనము చేసెను. దానిని వంగభాషలోనికి మార్చు పని కేరీకి వచ్చినది ఆదివారమున. తాను ఆలస్యము చేసినచో ఆ వ్యవధిలో ఒక విధవ ప్రాణము పోవునేమో యని ఆయన ప్రసంగపీఠమును ఇతరులకు విడిచి, నాడంతయు కూర్చుండి సాయంకాలమునకు అనువాదమును ముగించెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. సిద్ధాంతమున కలియని రాయ్, శ్రీరామపుర మిషనరీలు ఈ కార్యమున కలిసిరి. శాసనము న్యాయమునకు చెందినది; ఆ తొందర కనికరమునకు చెందినది. అనువాదకునికి ఇంతకన్న గొప్ప ఆరాధన నాకు తోచదు.

అదే నగరమున 1952లో, కాళీఘాట్ ఆలయము ప్రక్కన నగరపాలక సంస్థ యిచ్చిన కట్టడమున మదర్ థెరిసా మరణాసన్నులకు 'నిర్మల హృదయ్' గృహమును తెరచెను. అచ్చట బాధాశమనమునకు తగిన వైద్యము లేదని 1994లో ఒక వైద్యపత్రికలోను, ఆమె పేదరికపు మూలములను ప్రశ్నింపలేదని 1995లో క్రిస్టఫర్ హిచెన్స్ గ్రంథములోను విమర్శ వచ్చెను. భక్తులు నొచ్చుకొనిరి. కాని ఆ విమర్శను నిందగా త్రోసిపుచ్చుట తగదు. ధర్మాసుపత్రి యున్నది సరే, ధర్మాసనమెక్కడ అని అడుగుట క్రైస్తవునికి పరాయి ప్రశ్న కానేరదు. కాలిబాటపై చనిపోవువాడు ఆ ధర్మాసనము తీర్పు చెప్పువరకు వేచియుండజాలడనుటయు అంతే నిజము.

తెలుగున ఈ రెండు ప్రశ్నలను ఒకే గొంతుతో అడిగిన కవి గుర్రం జాషువా (1895-1971). ఆయన క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించెను. అది గౌరవింపదగిన కావ్యము. కరుణరసము అందు నిండుగా పారినది. కాని నా కొలతకు దేవుని నీతి ఎక్కువగా పలికినది 1941 నాటి గబ్బిలమున. అందలి నాయకుడు పంచముడు. తాను అడుగిడరాని గుడిలోనికి గబ్బిలము పోగలదు గాన, దానిచేత శివునికి తన మొర పంపుకొనును. అతడడుగునది భిక్ష గాదు, తీర్పు. అయినను చదువరి హృదయము కరగును. క్రీస్తుచరిత్రలో మనము జాలిపడి పుస్తకము మూయవచ్చును. గబ్బిలమున ఆ జాలియే మనలను ముద్దాయిలుగా నిలుపును. న్యాయమును కనికరమును విడదీయరానివిగా చేయుట యనగా నిదియే.

ఇచ్చట అనువాదకుల ఎన్నికకు ఒక సమర్థనము దొరకును. ఆ నాయకుని గుడివెలుపల నిలిపినది వర్ణధర్మమని పిలువబడినది. ధర్మమను మాట బిచ్చగానికి అన్నము పెట్టినది; పంచమునికి తలుపు మూసినది. వెలివేయబడినవారికి నీతియను మాట ఆ మరకలేని మాటగా అందినది. అది లాభము. తనలోని దయను పోగొట్టుకొని యందుట నష్టము.

కావున బైబిలులోని మాటను మార్చుడని నేను చెప్పను. నిఘంటువు ఇచ్చిన అర్థమును కావ్యము మార్చగలదు, కథ మార్చగలదు. నీతిమంతుడను మాటకు తీర్పరి రూపముతో పాటు, ఆదివారము పీఠము విడిచి కలము పట్టిన కేరీ రూపమును, పరువు దక్కింప తలచిన యోసేపు రూపమును మన రచనలు చేర్చవలెను. తరువాత ఈ పుటలను తెనిగింపబోవు వానికి నా మనవి యొక్కటే: ఆరవ అధ్యాయపు మొదటి రెండు వచనములను కలిపి చదువుమని.